పన్నెండు బంతులు, పదహారుమంది డాక్టర్లు

ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరికైనా పెద్ద జబ్బని తేలగానే, ఆ కుటుంబంలో ఉన్న సాఫ్ట్‌వేర్ మనిషికి ఇంకో ఉద్యోగం అదనంగా వచ్చి పడుతుంది. "నువ్వు రోజంతా కంప్యూటర్ ముందే ఉంటావు కదా, దీనికి కొత్త మందులేవైనా వచ్చాయేమో కాస్త చూడు నాయనా" అంటారు. మనమూ చూస్తాం. వెతికితే దొరక్కపోవడం అంటూ ఉండదు కదా! ఎక్కడో ఒక హాస్పిటల్లో మూడు మందులు కలిపి ఇచ్చారు, నూటికి నలభై మందిలో గడ్డ సగానికి తగ్గింది అని ఒక పేపరు కనబడుతుంది. దాన్ని ఇంటికి ఫార్వర్డ్ చేస్తాం. మనకది ఐదు నిమిషాల పని. అవతలి ఇంట్లో మాత్రం ఆ 'నలభై' అనే అంకె చుట్టూ లెక్కలు మొదలవుతాయి. పొలం అమ్మాలా, ఇంకో నగరానికి తీసుకెళ్ళాలా, ఇప్పుడు చూస్తున్న డాక్టరుకి తెలియదా, తెలిసీ చెప్పలేదా...

ఈ టపా ఆ అంకె గురించి. అలాంటి అంకెలు ఎలా పుట్టాయో, వాటిలో ఎన్ని నిలబడ్డాయో చెప్పడానికి క్లోమ గ్రంథి క్యాన్సర్‌ని, అంటే పాంక్రియాస్ క్యాన్సర్‌ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. మన రంగంలో వాళ్ళకి ఈ జబ్బు పేరు కొత్తేమీ కాదు. 2007లో 'లాస్ట్ లెక్చర్' ఇచ్చి, 2008 జూలైలో చనిపోయిన కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ రాండీ పాష్‌ది ఈ జబ్బే. స్టీవ్ జాబ్స్‌ది కూడా ఇదే అని చాలామంది అనుకుంటారు గానీ, కాదు. ఆయనకి వచ్చింది క్లోమంలోనే పుట్టే ఇంకో రకం, హార్మోన్లు తయారుచేసే కణాలలో వచ్చేది. రెండూ ఉండేది ఒకే అవయవంలో, స్వభావాలు మాత్రం వేరు. ఈ తేడా ముందుముందు మనకి అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకోండి.

సరే, ముందు అసలు 'మందులు కలిపి ఇవ్వడం' అనే ఆలోచన ఎక్కడిదో చూద్దాం. అది క్యాన్సర్ వాళ్ళది కాదు, క్షయ వాళ్ళది. 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ స్ట్రెప్టోమైసిన్ మీద చేసిన పరీక్షలో రోగులు మొదట బాగా కోలుకున్నారు, కొన్ని నెలలకి చాలామందిలో సూక్ష్మజీవి ఆ మందుకి అలవాటు పడిపోయింది. రెండేళ్ళ తర్వాత అదే మందుకి పాస్ అనే ఇంకో మందు కలిపి ఇస్తే ఆ అలవాటు పడడం బాగా తగ్గింది. ఒక తాళం పగలగొట్టగలిగిన దొంగ రెండో తాళం దగ్గర దొరికిపోతాడన్నమాట.

క్యాన్సర్‌లోకి ఈ ఆలోచన వచ్చిన దారిలో మన భీమవరం మనిషి ఒకరున్నారు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి పెద్ద. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాన్ని పోలినట్టే ఉండి, కణాన్ని మోసం చేసే పదార్థాలు చేసింది. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి గుణం కనబడిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. ఆ పిల్లలకి వచ్చిన గుణమూ నిలవలేదు, కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది.

క్షయలో చూసిందే ఇక్కడా జరిగింది కాబట్టి మందూ అక్కడిదే. 1960ల మొదట్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రై, ఫ్రైరైక్ అనే ఇద్దరు డాక్టర్లు లుకేమియా పిల్లలకి నాలుగు మందులు కలిపి ఒకేసారి ఇచ్చారు. ఆ కలయిక పేరు వ్యాంప్. అందులో 'ఏ' అంటే అమెథాప్టెరిన్, ఈనాటి మెథోట్రెక్సేట్, అది కూడా లెడర్లీ వంటింటిదే. తర్వాత అదే సంస్థలో విన్సెంట్ డెవిటా హాడ్జ్‌కిన్ జబ్బుకి మాప్ అని ఇంకో నాలుగు మందుల కలయిక పెట్టాడు. 1970లో అచ్చయిన లెక్క ప్రకారం 43 మందిలో 35 మందికి జబ్బు ఆనవాళ్ళు పూర్తిగా పోయాయి. అంతకు ముందు ఆ స్థితిలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ చనిపోయేవాళ్ళు.

ఇక్కడొక విషయం గమనించాలి. మాప్ గొప్పదని తెలుసుకోవడానికి పక్కన ఇంకో జట్టుని పెట్టి పోల్చాల్సిన అవసరం పెద్దగా లేకపోయింది. చీకటి గదిలో దీపం వెలిగిందో లేదో చెప్పడానికి మీటరు ఎందుకు? 1970ల క్యాన్సర్ డాక్టర్ల ఉత్సాహం అంతా అక్కడినుంచి వచ్చింది. లుకేమియా లొంగింది, హాడ్జ్‌కిన్ లొంగింది, మరి గట్టి గడ్డలు మాత్రం ఎందుకు లొంగవు? సరైన కలయిక దొరకాలంతే అనుకున్నారు. 1971లో అమెరికా ప్రభుత్వం క్యాన్సర్ మీద పెద్ద చట్టమే చేసి డబ్బు కుమ్మరించింది.

అప్పటికి క్లోమ క్యాన్సర్‌కి ఉన్న మందు ఒక్కటే, 5-ఎఫ్‌యూ. 1957లో విస్కాన్సిన్‌లో చార్లెస్ హైడెల్‌బర్గర్ బయటపెట్టాడు. క్యాన్సర్ కణాలు యురాసిల్ అనే ముడిసరుకుని మామూలు కణాలకంటే ఎక్కువ లాక్కుంటాయని తెలిసి, అచ్చం దానిలాగే ఉండే నకిలీ ఇటుక ఒకటి తయారుచేశాడు. ఆ ఇటుక వాడబోయిన కణానికి డీఎన్‌ఏ కట్టే పని ఆగిపోతుంది. ఆలోచన అద్భుతం. క్లోమ క్యాన్సర్‌లో అది ఎంతవరకు పనిచేసిందయ్యా అంటే, ఒక పేపరులో సున్నా శాతం, ఇంకో పేపరులో 67 శాతం! మందు అదే, జబ్బూ అదే. 1975లో ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి, 212 మంది రోగుల మీద సగటున 28 శాతం అని తేల్చారు. ఈ 28ని కాస్త పక్కన పెట్టుకోండి, మళ్ళీ పని ఉంది.

ఇక కలయికలు మొదలయ్యాయి. 1970లలో, 80ల మొదట్లో ముఖ్యంగా రెండు పేర్లు మోగాయి. ఒకటి ఎస్‌ఎంఎఫ్, అంటే స్ట్రెప్టోజోటోసిన్, మైటోమైసిన్, 5-ఎఫ్‌యూ. రెండోది ఎఫ్‌ఏఎమ్, అంటే 5-ఎఫ్‌యూ, ఎడ్రియమైసిన్, మైటోమైసిన్. స్ట్రెప్టోజోటోసిన్ పేరు ఫార్మసీ చదివిన స్నేహితులుంటే అడగండి, వెంటనే ఎలుకలు అంటారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలని ఏరి చంపుతుంది కాబట్టి ఎలుకలకి షుగర్ వ్యాధి తెప్పించడానికి లాబుల్లో వాడతారు. క్లోమంలో కణాలని చంపుతుంది కాబట్టి క్లోమ క్యాన్సర్‌నీ చంపాలి కదా అన్నది తర్కం. ఆ హార్మోన్ కణాల రకం క్యాన్సర్‌లో ఈ తర్కం పనిచేసింది కూడా. 1980లో అచ్చయిన పరీక్షలో స్ట్రెప్టోజోటోసిన్ ఒక్కటే ఇస్తే 36 శాతం మందిలో, 5-ఎఫ్‌యూ కలిపి ఇస్తే 63 శాతం మందిలో గడ్డలు తగ్గాయి. కానీ ఎక్కువమందికి వచ్చే మామూలు రకం పుట్టేది నాళాల గోడల్లో, ఇన్సులిన్ కణాల్లో కాదు.

అయినా 1978లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ మామూలు రకం మీదే ఎస్‌ఎంఎఫ్ ప్రయోగించి, 23 మందిలో 10 మందికి గడ్డ తగ్గిందన్నారు. 43 శాతం. 1980లో అక్కడే ఎఫ్‌ఏఎమ్‌తో 27 మందిలో 10 మందికి, 37 శాతం. అంతవరకు ఏ మందూ ఆనని జబ్బులో ఇవి చాలా పెద్ద అంకెలు. ఎక్కడెక్కడి డాక్టర్లో ఈ కలయికలు మామూలు రోగులకి ఇవ్వడం మొదలుపెట్టారు.

లెక్కలు వచ్చిన మనవాళ్ళు ఇక్కడే కొంచెం ఆగాలి. 23 మందిలో 10 అంటే స్టాటిస్టిక్స్ భాషలో దాని అసలు అర్థం, 'నిజమైన విలువ 23కీ 65కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు' అని. అదీ రోగులని ఏ పక్షపాతమూ లేకుండా ఎంచుకుంటేనే. ఒక పెద్ద హాస్పిటల్‌కి ప్రయాణం చేసి రాగలిగి, నాలుగడుగులు నడవగలిగి, మందు తట్టుకోగలరని డాక్టరుకి అనిపించి, సంతకం పెట్టినవాళ్ళే ఆ 23 మంది. వాళ్ళ ఊరి హాస్పిటల్‌లో మంచం దిగలేకుండా ఉన్నవాళ్ళు ఆ లెక్కలోకి రారు. డెమో డేటా మీద నడిచిన కోడు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంకో తిరకాసు, 'గడ్డ తగ్గింది' అని ఎలా తెలిసింది? ఇప్పటిలా సీటీ స్కాన్ ప్రతిచోటా లేదు. ఒళ్ళంతా తీసే సీటీ యంత్రాలు 1970ల మధ్యలో గానీ రాలేదు. అంతవరకూ పొట్ట మీద చెయ్యిపెట్టి తడిమి, టేపుతోనో కాలిపర్‌తోనో పొడవు, వెడల్పు కొలవడమే. క్లోమం ఎక్కడుంటుంది? జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకి ఆనుకుని. ఎక్కడో లోపల దాక్కున్న గడ్డని పైనుంచి కొలవడం అంటే దుప్పటి కింద ఉన్న మామిడికాయ బరువు చెప్పడం లాంటిదే.

ఇక్కడ మాయో క్లినిక్ డాక్టరు చార్లెస్ మోర్టెల్ వస్తాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి. మందులు కనిపెట్టినవాడు కాదు, మందులని అనుమానించినవాడు. 1976లో ఆయనా, హ్యాన్లీ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడూ కలిసి ఒక ప్రయోగం చేశారు. ఒక పరుపు మీద 12 గట్టి బంతులు పేర్చి, పైన ఫోమ్ రబ్బరు పొర కప్పారు. అనుభవమున్న 16 మంది క్యాన్సర్ డాక్టర్లని పిలిచి, మీరు రోజూ గడ్డలు కొలిచినట్టే వీటినీ కొలవండి అన్నారు. వాళ్ళకి చెప్పని సంగతి ఏమిటంటే, ఆ బంతుల్లో కొన్ని జతలు సరిగ్గా ఒకే సైజువి.

గడ్డ పావు వంతు తగ్గితే 'మందు పనిచేసింది' అని లెక్కేసుకుంటే, ఒకే సైజు బంతుల మధ్య కూడా ఇంచుమించు ఐదింట ఒకసారి 'మందు పనిచేసింది'! రెండోసారి కొలిచింది వేరే డాక్టరైతే నాలుగింట ఒకసారి. సగానికి తగ్గాలి అని షరతు పెట్టినా నూటికి ఏడెనిమిది సార్లు రబ్బరు కింద బంతి 'నయమయింది'. బంతికి ఎవరూ మందివ్వలేదు. కొలిచినవాళ్ళు మోసగాళ్ళూ కాదు, మంచి డాక్టర్లే. పైగా నిజం రోగి దగ్గర డాక్టరుకి ఇంకొకటి కూడా ఉంటుంది, ఈ మనిషికి తగ్గితే బాగుండునన్న ఆశ. బంతి మీద అది కూడా లేదు.

గడ్డ కొలత మీద నమ్మకం లేకపోతే దేన్ని కొలవాలి? తప్పు కొలవడానికి వీల్లేనిది ఒకటుంది, మనిషి ఎన్నాళ్ళు బతికాడన్నది. అది కూడా ఒక జట్టులో కాదు, చీటీ తీసి రెండు జట్లు చేసి, ఒకరికి కొత్త కలయిక, ఇంకొకరికి పాత మందు ఇచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. చీటీ ఎందుకంటే, డాక్టరుని ఎంచుకోమంటే తెలియకుండానే కాస్త గట్టిగా ఉన్నవాళ్ళని కొత్త మందు వైపు పంపుతాడు కాబట్టి.

మోర్టెల్ బృందమే 1974లో ఇలాంటిది చేసి చూపించింది. 5-ఎఫ్‌యూకి బీసీఎన్‌యూ అనే మందు కలిపితే గడ్డ తగ్గినవాళ్ళు 16 నుంచి 33 శాతానికి పెరిగారు, కానీ ఒక్కరూ ఎక్కువకాలం బతికింది లేదు. ఎస్‌ఎంఎఫ్‌కీ అదే గతి పట్టింది. 1983లో అచ్చయిన పరీక్షలో స్ట్రెప్టోజోటోసిన్ ఉన్న జట్టులో 34 శాతం, లేని జట్టులో 8 శాతం. చూడ్డానికి నాలుగు రెట్లు! ఆయుష్షులో తేడా మాత్రం లేదు. 1986లో 184 మందితో ఎఫ్‌ఏఎమ్, ఎస్‌ఎంఎఫ్ రెంటినీ నేరుగా పోటీకి పెడితే, జార్జ్‌టౌన్‌లో 37గా ఉన్నది 14 అయింది, 43గా ఉన్నది 4 అయింది. నలభై మూడు కాస్తా నాలుగు!

1985లో ఇంకో పెద్ద దెబ్బ. క్లోమ, జీర్ణాశయ క్యాన్సర్లున్న 305 మందిని మూడు జట్లు చేసి, ఒకరికి 5-ఎఫ్‌యూ ఒక్కటే, ఒకరికి రెండు మందులు, ఒకరికి మూడు మందుల ఎఫ్‌ఏఎమ్ ఇచ్చారు. మూడు జట్లూ బతికింది ఒక్కలాగే. కాకపోతే ఎక్కువ మందులు తీసుకున్నవాళ్ళకి బాధలు ఎక్కువ, ఖర్చు ఎక్కువ.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మాలిన్సన్ కథ. 1980లో ఇంగ్లండులో మాలిన్సన్ అనే డాక్టరు ఐదు మందులు కలిపి ఇచ్చాడు, అందులో మెథోట్రెక్సేట్ కూడా ఒకటి. ఈయన పోలిక జట్టు పెట్టకుండా చెయ్యలేదు. 40 మందిని చీటీ తీసి విడగొట్టాడు. మందులిచ్చిన జట్టులో సగం మంది 44 వారాలు దాటి బతికారు, ఇవ్వని జట్టులో సగం మంది 9 వారాలు కూడా దాటలేదు. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది కదా? అయినా మాయో వాళ్ళు ఇంకో చోట, ఇంకా ఎక్కువమందితో మళ్ళీ చేసి చూశారు. 1990 నాటి ఆ పరీక్షలో 187 మంది. మాలిన్సన్ కలయిక 4.5 నెలలు, 5-ఎఫ్‌యూ ఒక్కటే 3.5 నెలలు, ఇంకో మూడు మందుల కలయిక కూడా 3.5 నెలలే. ఆ ఒక్క నెల తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి లెక్కలు ఒప్పుకోలేదు. చీటీ వేసినంత మాత్రాన సరిపోదు, చీటీలు తగినన్ని ఉండాలి, ఇంకొకరు ఇంకో ఊళ్ళో చేసినా అదే రావాలి.

1970 నుంచి 1990 దాకా ఇరవై ఏళ్ళు, ఎన్నో కలయికలు, చివరికి మళ్ళీ 1957 నాటి మందు దగ్గరికే. దీనికి కారణం కూడా ఉంది. వ్యాంప్, మాప్ కలయికల్లో ప్రతి మందూ విడిగా ఇచ్చినా ఎంతోకొంత పనిచేసేదే. క్లోమ క్యాన్సర్‌లో అలాంటివి లేవు. విడిగా పనిచేసినట్టు కనబడ్డ అంకెలు చాలావరకు పరుపు మీది బంతులే. పునాదిలో ఉన్న అంకె తప్పైతే దానిమీద ఎన్ని అంతస్తులు లేపినా ఏం లాభం?

1997లో జెమ్‌సిటబిన్ వచ్చింది. నిజానికి అమెరికాలో అనుమతి 1996లోనే ఇచ్చారు, పరీక్ష వివరాలు అచ్చయింది ఆ మరుసటేడు. 126 మందిని చీటీ వేసి 5-ఎఫ్‌యూతో పోల్చారు. 4.41 నెలలు కాస్తా 5.65 నెలలయింది. ఏడాది దాటినవాళ్ళు 2 శాతం నుంచి 18 శాతానికి పెరిగారు. ఈ పరీక్షలో గడ్డతోపాటు నొప్పి, నొప్పి మాత్రల వాడకం, రోజువారీ పనులు చేసుకునే ఓపిక, బరువు కూడా కొలిచారు. జెమ్‌సిటబిన్ జట్టులో 23.8 శాతం, 5-ఎఫ్‌యూ జట్టులో 4.8 శాతం మందికి ఇవి మెరుగయ్యాయి. ఇందాక పక్కన పెట్టిన 28 గుర్తుందా? ఈసారి 5-ఎఫ్‌యూ జట్టులో గడ్డ సగానికి తగ్గినవాళ్ళు సున్నా శాతం. మందు అదే. కొలిచే పద్ధతి మారింది.

ఇక జెమ్‌సిటబిన్ ప్లస్ యుగం. ప్లస్ 5-ఎఫ్‌యూ, ప్లస్ సిస్‌ప్లాటిన్, ప్లస్ ఆక్సాలిప్లాటిన్, ప్లస్ ఇరినోటెకాన్... పదేళ్ళపాటు ఒకదాని తర్వాత ఒకటి. బెవాసిజుమాబ్ ఉదాహరణ ఒక్కటి చూస్తే చాలు. 2005లో 52 మంది మీద, పోలిక జట్టు లేకుండా చేస్తే 8.8 నెలలు వచ్చింది. జెమ్‌సిటబిన్ మామూలు అంకె తెలుసు కాబట్టి ఆశలు రేగాయి. అదే బృందం నిజాయితీగా 602 మందితో, పోలిక జట్టుకి ఉత్తుత్తి మందు పెట్టి మళ్ళీ చేసి 2010లో ప్రకటించింది. కొత్త మందు ఉన్నవాళ్ళు 5.8 నెలలు, లేనివాళ్ళు 5.9 నెలలు. అదే ఏడాది సెటుక్సిమాబ్ మీద 745 మందితో చేసిందీ తేడా లేదనే చెప్పింది.

ఈ వరసలో గెలిచింది ఎర్లోటినిబ్. 569 మంది, 5.91 నెలలు కాస్తా 6.24 నెలలయింది. స్టాటిస్టిక్స్ పరీక్షలో పాసయింది, 2005లో అమెరికాలో అనుమతీ వచ్చింది. రోజుల్లోకి మార్చి చూడండి, సుమారు పది రోజులు. మన దేశంలో ఈ మందు మీద రోష్, సిప్లా కంపెనీల మధ్య 2008లో ఢిల్లీ హైకోర్టులో పెద్ద గొడవే నడిచింది. రోష్ మాత్ర ఒక్కోటీ 4,800 రూపాయలు, సిప్లాది 1,600. ఆ గొడవ ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల గురించి. కానీ క్లోమ క్యాన్సర్ ఉన్న మనిషి కుటుంబం కూడా అప్పట్లో అదే ధర కట్టాల్సి వచ్చేది, రోజుకొక మాత్ర చొప్పున, సగటున ఆ పది రోజుల కోసం. 'గణితపరంగా రుజువైంది' అన్న మాటకీ 'ఉపయోగపడుతుంది' అన్న మాటకీ మధ్య ఉన్న దూరం అంత.

మరి కలయిక అన్న ఆలోచనే తప్పా? కాదు. ఈ కథలో నిజంగా గెలిచింది కూడా కలయికే. ఫ్రాన్స్‌లో నాన్సీ పట్టణానికి చెందిన థియెరీ కాన్‌రాయ్, ఆయన తోటి డాక్టర్లు 5-ఎఫ్‌యూ, ఫోలినిక్ యాసిడ్, ఇరినోటెకాన్, ఆక్సాలిప్లాటిన్ కలిపారు. పేరు ఫోల్ఫిరినాక్స్. ఇందులో ఒక్క మందూ కొత్తది కాదు. ఫోలినిక్ యాసిడ్ సుబ్బారావు గారు పనిచేసిన ఫోలిక్ యాసిడ్ కుటుంబానిదే, ఇక్కడ దాని పని 5-ఎఫ్‌యూ పట్టు బిగించడం. 2005లో 46 మంది మీద చేసినప్పుడు గడ్డ తగ్గినవాళ్ళు 26 శాతమే, 1978 నాటి 43 ముందు చిన్న అంకె. కానీ ఇది స్కాన్‌లతో కొలిచిన అంకె.

ఆ తర్వాత 48 కేంద్రాల్లో 342 మందిని చీటీ వేసి సగం సగం చేశారు. 2011లో ఫలితం వచ్చింది. జెమ్‌సిటబిన్ జట్టు 6.8 నెలలు, ఫోల్ఫిరినాక్స్ జట్టు 11.1 నెలలు. ఏడాది దాటినవాళ్ళు 20.6 శాతం, 48.4 శాతం. నలభై ఏళ్ళ ప్రయత్నాల తర్వాత ఈ జబ్బులో ఇంత తేడా చూపించిన మొదటి కలయిక ఇది. కష్టం లేకుండా రాలేదు, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయినవాళ్ళు 45.7 శాతం, అవతలి జట్టులో 21 శాతం. అయినా ఆరు నెలలకి రోజువారీ జీవితం కోలుకోలేనంతగా దిగజారినవాళ్ళు ఇందులో 31 శాతమైతే, జెమ్‌సిటబిన్ జట్టులో 66 శాతం. మందు బాధ కంటే జబ్బు బాధే పెద్దదని ఆ అంకె చెబుతోంది. ఒకటి మాత్రం మర్చిపోకూడదు. ఈ పరీక్షలోకి తీసుకున్నది 75 ఏళ్ళ లోపువాళ్ళని, తమ పనులు తాము చేసుకోగలిగేవాళ్ళని. మంచానపడ్డ 80 ఏళ్ళ మనిషికి ఈ 11.1 వర్తించదు.

2013లో జెమ్‌సిటబిన్‌కి నాబ్-పాక్లిటాక్సెల్ కలిపితే 861 మందిలో 6.7 నుంచి 8.5 నెలలయింది. దాని చిన్న పరీక్షలో, 44 మందిలో, వచ్చిన అంకె 12.2. అంటే గెలిచిన మందు విషయంలో కూడా చిన్న పరీక్ష అంకె పెద్ద పరీక్షలో మూడో వంతు కరిగిపోయింది. 2018లో ఆపరేషన్ అయినవాళ్ళకి ఫోల్ఫిరినాక్స్‌ని కాస్త తగ్గించి ఇస్తే 35 నెలలు కాస్తా 54.4 నెలలయింది. 2023లో ఇంకో నాలుగు మందుల కలయిక 770 మందిలో 9.2కి బదులు 11.1 నెలలు తెచ్చింది. 1970లలో అమెరికాలో ఈ జబ్బుతో ఐదేళ్ళు బతికినవాళ్ళు నూటికి ముగ్గురు, 2020ల మధ్యకి పదమూడు మంది. ఒక్కో అంగుళం ఇలా జరిగింది.

ఇదంతా చదివాక నాకు మిగిలిన ఆలోచన పోలిక జట్టు గురించి. మనలో చాలామందికి ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. "మనవాడికి పాత మందిచ్చి ఎలక మీద చేసినట్టు చేస్తారా" అంటారు. కానీ ఈ చరిత్రలో ఒక్కొక్క పరీక్షా తీసి చూడండి. 1974, 1983, 1985, 1990, 2010... పోలిక జట్టులో ఉన్నవాళ్ళు అవతలివాళ్ళంత కాలమే బతికారు, వాంతులు తక్కువ, హాస్పిటల్ పడకలు తక్కువ. చాలాసార్లు లాటరీ తగిలింది వాళ్ళకే. ఓడిపోయింది ఎప్పుడంటే ఫోల్ఫిరినాక్స్ లాంటి కొన్నిసార్లు, ఆ 171 మంది అవతల లేకపోతే అది గెలిచిందని మనకి తెలిసేదే కాదు. అసలు నష్టపోయింది ఏ లెక్కలోనూ లేనివాళ్ళు. 43 శాతం అన్న వార్త విని, ఏ పరీక్షలోనూ చేరకుండా, తమ ఊరి హాస్పిటల్లో మూడు మందులు ఎక్కించుకున్న మామూలు రోగులు. వాళ్ళు బతికిన నెలల్లో కొన్ని అనవసరంగా వాంతులతో గడిచాయి.

కాబట్టి ఈసారి చుట్టాల ఇంటికి లింకు పంపేముందు, ఆ శాతం పక్కన మూడు విషయాలు రాసి పంపండి. ఎంతమంది మీద చేశారు? పక్కన చీటీ వేసిన ఇంకో జట్టు ఉందా? తగ్గింది గడ్డేనా, బతికిన కాలం కూడా పెరిగిందా, పెరిగితే ఎన్ని వారాలు? ఇంకో రెండు నిమిషాలుంటే, అందులోకి తీసుకున్న రోగుల వయసు, ఓపిక మన మనిషికి సరిపోతాయా అన్నది కూడా. ఇవన్నీ పేపరు మొదటి పేజీలో, సారాంశంలోనే ఉంటాయి, డాక్టరీ చదవక్కర్లేదు. మన దేశంలో జరిగే పరీక్షలకి 2007 నుంచి సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది, 2009 నుంచి అక్కడ నమోదు తప్పనిసరి. ఎవరైనా "కొత్త ట్రయల్ అండీ" అంటే నంబరు అడిగి అక్కడ వెతకొచ్చు.

తర్వాత ఆ కాగితం పట్టుకుని చూస్తున్న డాక్టరు దగ్గరికే వెళ్ళమనండి. "ఇది ఎందుకివ్వట్లేదు" అని నిలదీయడానికి కాదు, "ఇది మా నాన్నగారి లాంటి వాళ్ళ మీద చేసి చూశారా" అని అడగడానికి. మంచి డాక్టరైతే ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు.